వికారానికి మణికట్టు నొక్కడం: ముందు ఏ చెయ్యో చూసుకోండి

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. షుగరు వచ్చి 19 ఏళ్లయింది. కిడ్నీలు దెబ్బతిని ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా ఎడమ చేతికి ఉంది. ఐదు నెలలుగా వికారం నన్ను వదలడం లేదు. వాంతులు తక్కువే గానీ, రోజులో ఎక్కువ భాగం కడుపులో తిప్పుతున్నట్టే ఉంటుంది. మాత్ర వేసుకుంటే కాసేపు తగ్గి మళ్లీ మొదలవుతుంది. డయాలసిస్‌లో నా పక్క మంచం ఆవిడ మణికట్టు దగ్గర ఒక చోట నొక్కుకుంటే తనకు తగ్గిందని చెప్పింది. అది విని మా అబ్బాయి గుండీ ఉన్న పట్టీ ఒకటి తెప్పించాడు. కుడి చేతికైతే పనులకు అడ్డమని ఎడమ చేతికి తొడిగాడు. నాలుగు రోజులైంది. ఇంకొకరు ఈ నొక్కుడు వైద్యంతో కిడ్నీలు కూడా బాగుపడతాయని, వాంతి మాత్రలు మానేయమని చెబుతున్నారు. మా డాక్టరుగారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. దీన్ని నమ్మవచ్చా? నమ్మితే ఎలా చేయాలి?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలకు జవాబు తరువాత చెబుతాను. ముందు ఆ పట్టీ తీసేయండి. ఇది చదువుతుండగానే తీసేయండి. తీశాక కుడి చేతి వేళ్లు ఎడమ చేతి ఫిస్టులా మీద తేలిగ్గా ఆనించి చూడండి. రోజూ తగిలే ఆ జివ్వుమనే అదురు తగలాలి. ఎప్పటిలా తగిలితే భయం లేదు. తగ్గినట్టున్నా, అసలు తగలకపోయినా, ఆ చోట నొప్పి, వాపు, ఎరుపు ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. డయాలసిస్ కేంద్రానికి ఫోను చేసి, అదురు తగలడం లేదని అదే మాటతో చెప్పండి. ఫిస్టులాలో రక్తం గడ్డకడితే గంటల్లో చేరినవారికి దాన్ని కాపాడే అవకాశం ఎక్కువ.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ధమనిని సిరతో నేరుగా కలిపి కుట్టే ఈ ఫిస్టులా పద్ధతిని 1966లో న్యూయార్క్‌లో బ్రెసియా, సిమినో, వారి సహచరులు ప్రచురించారు. వారు దాన్ని మణికట్టు దగ్గరే కుట్టారు. ఇప్పటికీ చాలామందికి అక్కడే కుడతారు. వికారానికి నొక్కమనే చోటు కూడా మణికట్టు మడతకు మూడు వేళ్ల పైనే ఉంటుంది. పట్టీ చేతిని చుట్టూ బిగించి, గుండీ ఒకచోట గుచ్చి నొక్కితే, ఎప్పుడూ జోరుగా పారవలసిన రక్తం నెమ్మదిస్తుంది. ఫిస్టులా మోచేతి దగ్గర ఉన్నా సరే, ఆ చేతికి బిగుతైనది ఏదీ తగలకూడదు. బీపీ పట్టీ వద్దు, వాచీ వద్దు, తల కింద ఆ చెయ్యి పెట్టుకుని పడుకోవడం వద్దు అని మీకు మొదట్లోనే చెప్పి ఉంటారు. ఆ జాబితాలో ఈ పట్టీని కూడా చేర్చుకోండి. మీ అబ్బాయిని కోప్పడకండి. అమ్మకు కాస్త హాయి దొరకాలని తెచ్చాడు. ఫిస్టులా ఉన్న చేతికి వద్దు అన్న ముక్క ఎవరో ఒకరు అతనికి చెప్పి ఉండాల్సింది.

ఇక నమ్మవచ్చా అన్న మాట. కొంతవరకు నమ్మవచ్చు. ఎంతవరకో చెబుతాను.

ఆ చోటును చైనా సంప్రదాయ వైద్యంలో నెయ్‌గ్వాన్ అంటారు. లోపలి ద్వారం అని అర్థం. వైద్య పత్రికల్లో పీ6 అని, పీసీ6 అని కనిపించేది ఇదే. దీన్ని ఆధునిక వైద్యం తూకానికి పెట్టినవారిలో ముందు చెప్పుకోవలసిన వ్యక్తి బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో మత్తు వైద్యశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన జాన్ డండీ. శస్త్రచికిత్స తరువాత వచ్చే వాంతుల మీద ఈ చోట సూది వేసి చూసిన ఫలితాలను ఆయన బృందం 1986లో ప్రచురించింది. ఆ తరువాత ఆయన చేసిన మరో పరీక్ష నాకు ఇంకా ఆసక్తిగా అనిపిస్తుంది. 1991లో వెలువడిన ఆ పరీక్షలో కొందరికి ఆ చోట ముందుగా తిమ్మిరి మందు ఎక్కించి, అప్పుడు సూది వేశారు. వారికి వాంతులు ఆపే ఫలితం కనబడలేదు. అంటే ఆ చోట కలిగే ప్రభావం ఏదో ఒక విధంగా నరాల ద్వారానే పైకి వెళుతోందన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మీ షుగరు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అవసరపడుతుంది.

శస్త్రచికిత్స తరువాతి వికారం మీద ఆధారం బాగానే పోగుపడింది. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్షలో 59 పరీక్షలు, 7,667 మంది రోగుల వివరాలు చేర్చారు. నకిలీ చికిత్సతో నమ్మించిన వారితో పోలిస్తే, అసలు చోట సూదితోనో, నొక్కుడుతోనో, మరో విధంగానో చికిత్స చేసినవారిలో వికారం దాదాపు మూడో వంతు తగ్గింది, వాంతులు ఇంకొంచెం ఎక్కువగానే తగ్గాయి. ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని సమీక్షకులే చెప్పారు. అయినా మొత్తం మొగ్గు ఒకే వైపు ఉంది.

మీ బాధ మాత్రం శస్త్రచికిత్స తరువాత ఒకటి రెండు రోజులు ఉండి పోయేది కాదు. నెలల తరబడి ఉండే వికారం దగ్గర ఫలితాలు ఇంత తేటగా లేవు. కీమో తీసుకునేవారి మీద జరిగిన 11 పరీక్షలను కలిపి 2006లో మరో సమీక్ష చేశారు. బొటనవేలితోనో పట్టీతోనో నొక్కినవారికి కీమో ఇచ్చిన రోజు వికారం తీవ్రత తగ్గింది. వాంతులు తగ్గలేదు, తరువాతి రోజుల వికారమూ తగ్గలేదు. ఆ తరువాత బ్రిటన్‌లో 500 మంది కేన్సర్ రోగులతో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. కొందరికి మామూలు మందులు మాత్రమే ఇచ్చారు. కొందరికి మందులతో పాటు అసలు పట్టీ, మిగిలినవారికి మందులతో పాటు నకిలీ పట్టీ ఇచ్చారు. మూడు వర్గాల మధ్య లెక్కకు నిలిచే తేడా రాలేదు. కానీ తరువాత మాట్లాడించినప్పుడు పట్టీ కట్టుకున్నవారిలో చాలామంది అది తమకు పనికొచ్చిందని, మనసు కుదుటపడిందని అన్నారు. డయాలసిస్ రోగుల మీద జరిగినవి చిన్న పరీక్షలు. వాటి మీద పెద్ద మాట నిలబెట్టడం సరికాదు.

ఇవన్నీ చదివాక, ఎన్నో ఏళ్లుగా దీర్ఘరోగులను చూశాక నేను చెప్పగలిగేది ఇది. సరైన చోట, సరైన చెయ్యి నొక్కితే మీకు నష్టం లేదు. కొంత మేలు జరగవచ్చు. ఆ మేలులో కొంత భాగం నమ్మకం వల్ల రావచ్చు, నాకు దానితో ఏ తగవూ లేదు. వికారం అనేది మెదడు పోగుచేసే ఒక అనుభవం. పేగుల నుంచి వచ్చే సంకేతాలు, రక్తంలోని రసాయనాలు, లోపలి చెవి సమతుల్యం, వాసనలు, భయం అన్నీ అక్కడ కలుస్తాయి. మీ చేతిని మీరే పట్టుకుని, నెమ్మదిగా ఊపిరి వదులుతూ రెండు నిమిషాలు కూర్చోవడం ఆ మొత్తంలో ఒక పాయను తగ్గించినా మంచిదే. మీ డాక్టరుగారు నవ్వకుండా ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆ పట్టీ మీ ఎడమ చేతికి ఎక్కేది కాదు. ఆయన కూడా ఇది చదివితే బాగుండుననిపిస్తోంది.

ఇప్పుడు ఎలా నొక్కాలో చెబుతాను. మీ కుడి చెయ్యి మాత్రమే. అరచెయ్యి పైకి తిప్పి ఒడిలో పెట్టుకోండి. మణికట్టు దగ్గర అరచేతికి ఆనుకుని ఒక మడత కనిపిస్తుంది. ఆ మడత మీద అడ్డంగా మూడు వేళ్లు, అంటే చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి ఆనించాలి. ఈ కొలత ఎవరి వేళ్లతో వారికే. మీ అబ్బాయి నొక్కుతున్నా మీ వేళ్ల వెడల్పే లెక్క. అలా ఆనించినప్పుడు మోచేతి వైపున్న వేలి అంచు ఎక్కడ ఆగుతుందో, ముంజేతికి సరిగ్గా నడిమధ్య, అదే చోటు. పిడికిలి కొద్దిగా బిగించి మణికట్టు లోపలికి వంచితే రెండు తాళ్లలా పైకి తేలతాయి. అవి స్నాయువులు. ఆ రెండింటి మధ్య పల్లంలో బొటనవేలి మెత్తటి భాగం పెట్టండి. కొందరికి ఒకటే తాడు కనిపిస్తుంది, ఇంకోటి పుట్టుకతోనే ఉండదు. అది లోపమేమీ కాదు, నడిమధ్యను చూసుకుంటే చాలు.

గోరు గుచ్చకూడదు. బొటనవేలి మెత్తతో నిలువుగా, లోతుగా బరువు తగిలేలా నొక్కి, ఆ చోటు వదలకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. రెండు మూడు నిమిషాలు చాలు. లోపల ఏదో ఒత్తినట్టు తెలియాలి గానీ నొప్పితో మొహం ముడుచుకోకూడదు. వేళ్లలోకి తిమ్మిరి, జిల్లుమనడం వచ్చిందంటే ఎక్కువ నొక్కుతున్నారని అర్థం, ఎందుకంటే చేతిలోకి వెళ్లే పెద్ద నరం ఒకటి సరిగ్గా అక్కడే కింద నుంచి పోతుంది. వెంటనే బలం తగ్గించండి. వికారం బాగా ముదిరి ఓకరింపులు వచ్చేదాకా ఆగితే నొక్కి లాభం తక్కువ. నోట్లో నీళ్లూరడం, ఒళ్లు చల్లబడడం, ఆవలింతలు రావడం లాంటి తొలి గుర్తులు మీకు తెలిసే ఉంటాయి. అప్పుడే మొదలుపెట్టండి. తగ్గకపోతే పావుగంట ఆగి మరోసారి.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 19 ఏళ్ల షుగరులో చేతుల్లో స్పర్శ మొద్దుబారి ఉండవచ్చు. కాళ్లకు వచ్చినంత త్వరగా చేతులకు రాదు గానీ వస్తుంది. దూది ముక్కతో ముంజేతిని తాకించుకుని, కళ్లు మూసుకుని చెప్పగలుగుతున్నారో లేదో చూసుకోండి. స్పర్శ తగ్గి ఉంటే రెండు సంగతులు. ఎంత గట్టిగా నొక్కుతున్నారో మీకు తెలియదు కాబట్టి కమిలే ప్రమాదం ఉంది. ఇక డండీ పరీక్షలో తిమ్మిరి మందు వేస్తే ఫలితం పోయిందని చెప్పాను కదా, ఆ లెక్కన నరాలు మొద్దుబారినవారికి ఇది తక్కువగా పనిచేయవచ్చునని నా ఊహ. ఊహ మాత్రమే. కానీ పనిచేయకపోతే మీ తప్పనుకోవద్దు, చోటు దొరకలేదేమోనని ఇంకా ఇంకా నొక్కవద్దు.

డయాలసిస్ రోజున మరికొంచెం జాగ్రత్త కావాలి. కుర్చీలో ఉన్నంతసేపూ ఎడమ చేతిలో సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. కాబట్టి ఎడమ బొటనవేలితో కుడి మణికట్టు నొక్కుకోవడం ఆ సమయంలో కుదరదు. తోడు వచ్చినవారు నొక్కాలి, లేదంటే ఆ పట్టీనే కుడి చేతికి వదులుగా వేసుకోవాలి. గుండీ చోటు మీద ఉండాలి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. గంటకోసారి తీసి చర్మం చూసుకోవాలి. వేళ్లు చల్లబడినా, రంగు మారినా, ఉబ్బినా తీసేయాలి. ఆ రోజు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కిస్తారు కాబట్టి చిన్న ఒత్తిడికే చర్మం కమిలిపోతుంది. బలం సగానికి తగ్గించండి. ఇంటికి వచ్చాక సూదులు తీసిన చోట రక్తం పూర్తిగా ఆగి, కట్టు పొడిగా ఉందని చూసుకున్నాకే ఎడమ చేతిని దీనికి వాడండి.

కుర్చీలో వికారం మొదలైతే మొదట చేయవలసింది నొక్కడం కాదమ్మా, నర్సును పిలవడం. డయాలసిస్ మధ్యలో వచ్చే వికారానికి చాలాసార్లు కారణం బీపీ పడిపోవడం. రెండు విడతల మధ్య ఒంట్లో చేరిన నీరు ఎక్కువై, దాన్ని కొద్ది గంటల్లో లాగవలసి వచ్చినప్పుడు ఇలా అవుతుంది. వాళ్లు బీపీ చూసి, మంచం తల వైపు దించి, నీరు లాగే వేగం తగ్గిస్తే నిమిషాల్లో తేరుకుంటారు. మీరు మాట్లాడకుండా మణికట్టు నొక్కుకుంటూ కూర్చుంటే వాళ్లకు తెలిసేసరికి స్పృహ తప్పవచ్చు. మొహమాటపడకండి. వాళ్లను పిలవడం వాళ్లకు ఇబ్బంది కాదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన ముక్కకు వస్తాను. ఐదు నెలలు. ఇన్ని నెలలుగా ఉన్న వికారానికి కారణం ఏమిటని ఎవరైనా వెతికారా? మీరు ఆ సంగతి రాయలేదు. దీర్ఘరోగులు వికారాన్ని జబ్బులో భాగమని సర్దుకుపోతారు. చూసే వైద్యులూ ఒక మాత్ర రాసి అలాగే సర్దుకుపోతారు. నేనూ ఆ తప్పు చేశాను. చాలా ఏళ్ల కిందట గుండె జబ్బున్న ఒక పెద్దాయన నెలకు పైగా తిండి సయించడం లేదని, కడుపులో తిప్పుతోందని చెబుతూ వచ్చారు. కడుపు పరీక్ష చేయించి, ఏమీ లేదని, వాంతి మాత్ర రాసి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు దీపాల చుట్టూ పసుపు వలయాలు కనిపిస్తున్నాయన్నారు. అప్పుడు నాకు వెలిగింది. గుండెకు వాడుతున్న డిగాక్సిన్ ఆయన కిడ్నీలు మందగించడంతో ఒంట్లో పేరుకుపోయింది. ఆ మందు మోతాదు మించితే తొలి లక్షణాల్లో ఒకటి వికారం. ఆపగానే వారంలో తిండి సయించింది. ఆయన మొదటి రోజే సంకేతం చెప్పారు, వినవలసిన నేను వినలేదు. ఆ తరువాత దీర్ఘరోగి వికారం అంటే మందుల జాబితా ముందేసుకుని కూర్చోవడం నాకు అలవాటైంది.

మీరు కూడా అదే చేయండి. వేసుకునే ప్రతి మందూ, ఇంజెక్షనూ, ఎవరో ఇచ్చిన మూలికా పొడి ఉంటే అదీ, ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. ఐదు నెలల కిందట కొత్తగా మొదలైనది ఏది, మోతాదు పెరిగినది ఏది అని అడగండి. ఐరన్ మాత్రలు, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు, కొన్ని నొప్పి మందులు, షుగరుకు ఇచ్చే సెమాగ్లుటైడ్, లిరాగ్లుటైడ్ వంటివి అన్నీ వికారం తెస్తాయి. మెట్‌ఫార్మిన్ మీ సంచిలో ఉంటే ఆ రోజే చెప్పాలి, డయాలసిస్ రోగులకు అది వాడరు.

ఏ వేళలో వస్తోందన్నది చాలా చెబుతుంది. డయాలసిస్ ముందురోజు, ఆ ఉదయం ఎక్కువై, చేయించుకున్నాక తేలికపడితే రక్తంలో మలినాలు చాలినంతగా తొలగడం లేదేమో చూడాలి. గంటలు సరిపోతున్నాయా, ఫిస్టులాలో రక్తం బాగా వస్తోందా అన్నది వారు లెక్కగట్టగలరు. డయాలసిస్ మధ్యలోనో, అయిన వెంటనేనో వస్తే బీపీని, డ్రై వెయిట్‌ను, అంటే అదనపు నీరు తీశాక ఉండవలసిన బరువును, సరిచూడాలి. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి, తిన్న చాలా గంటల తరువాత కూడా తిన్నదే పైకి వస్తుంటే, షుగరు వల్ల జీర్ణాశయాన్ని కదిలించే నరం దెబ్బతిని కడుపు ఖాళీ కావడం మందగించిందేమో చూడాలి. దాన్ని గ్యాస్ట్రోపరేసిస్ అంటారు. ఇన్నేళ్ల షుగరులో ఇది నా అనుమానాల్లో మొదటి వరుసలో ఉంటుంది. అందులో తిండి ఆలస్యంగా దిగుతుంది, ఇన్సులిన్ ముందే పనిచేస్తుంది, షుగరు అనుకోకుండా పడిపోతుంది. తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు, మెత్తగా తినడంతో సగం బాధ తీరినవారున్నారు. మీకు నీటికీ, పొటాషియంకూ హద్దులున్నాయి కాబట్టి మీ డైటీషియన్‌తో కలిసి మార్చుకోండి. వికారానికి నీళ్లు ఎక్కువ తాగండి అని ఎవరైనా చెబితే, అది మీకు చెప్పవలసిన సలహా కాదు. మలబద్ధకం కూడా చూసుకోండి. చాలామంది ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతారు, అది తీరితే వికారం తీరిన సందర్భాలు ఎన్నో.

డయాలసిస్ గది వాసన తలచుకుంటేనే కడుపులో తిప్పితే అది వేరే సంగతి. శరీరం ముందే భయపడడం నేర్చుకుంది. కీమో రోగుల్లో ఇది మరీ ఎక్కువ. మణికట్టు నొక్కడం, ఊపిరి నిదానంగా వదలడం నా అనుభవంలో ఎక్కువగా అక్కరకొచ్చింది ఇక్కడే. బయలుదేరే ముందే ఇంట్లో నొక్కుకుని, దారిలో మరోసారి నొక్కుకోమని చెబుతాను.

మాత్రలు మానేయమన్న మాట వినకండి. మీరు వేసుకునే మాత్ర పేరేమిటో రాయలేదు. మెటోక్లోప్రమైడ్ అయితే దాన్ని వారాల తరబడి కొనసాగించడం గురించి డాక్టరును తప్పక అడగండి. ఎక్కువకాలం వాడితే మొహం, నాలుక, చేతులు తమంతట తామే కదిలే జబ్బు రావచ్చు, కిడ్నీ రోగులకు మోతాదు కూడా తగ్గించాలి. ఆన్‌డాన్‌సెట్రాన్ అయితే మలబద్ధకం చేస్తుంది, గుండె లయ మీదా ఓ కన్ను వేయాలి. మాత్ర మార్చవలసి రావచ్చు. ఆ మార్పు డాక్టరు చేతిలో జరగాలి. నొక్కుడుతో కిడ్నీలు బాగుపడతాయన్న వ్యక్తికి మీ ఇంట్లో మర్యాద ఇవ్వండి, చికిత్స మీద మాట ఇవ్వకండి. మణికట్టు మీద ఎంత నొక్కినా చెడిపోయిన కిడ్నీలు తిరిగి రావు. ఆ నమ్మకంతో డయాలసిస్ ఒక్క విడత మానితే ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. ఇది మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు, అలా మానినవారిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

నొక్కే బదులు సూదులు వేస్తామంటే కూడా వద్దనే చెబుతాను. హెపారిన్ వాడేవారికి రక్తస్రావం, షుగరు ఉన్నవారికి చీము పట్టే ప్రమాదం ఉన్నాయి. మీ కుడి చేతి సిరలు రేపటి అవసరానికి దాచుకోవలసినవి. మోకాలి కింద ఇంకో చోటు ఉంది, మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల దిగువన, కాలి ముందు ఎముకకు ఒక వేలు బయటి పక్కన. కడుపు బాధలకు దాన్నీ నొక్కుతారు. చేతులు రెండూ వాడలేనప్పుడు తోడున్నవారు తేలిగ్గా నొక్కవచ్చు. షుగరు ఉన్న కాలు కాబట్టి ముందు పుండు, పగుళ్లు, వాపు లేవని చూసుకోవాలి.

ఈ శీర్షిక చదివే ఇతరులకు ఒక మాట. రొమ్ము కేన్సర్‌కు చంకలోని గ్రంథులు తీసిన వైపు చేతికి పట్టీ కట్టవద్దు, ఆ చెయ్యి ఉబ్బుతుంది. రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, కీమోలో ప్లేట్‌లెట్లు తగ్గినవారు గట్టిగా నొక్కకూడదు. గర్భిణులు మణికట్టు చోటు నొక్కుకోవచ్చు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండలో ఉండే చోటు, లోపలి చీలమండకు పైన ఉండే చోటు మాత్రం నొక్కవద్దని సంప్రదాయమే చెబుతుంది.

కొన్ని సందర్భాల్లో వికారాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. వాంతిలో రక్తం పడినా, కాఫీ పొడిలా నల్లగా వచ్చినా, మందులు కూడా నిలవకుండా ఒక రోజు గడిచినా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు రోగులకు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా వికారం, చెమట, ఆయాసంగానే రావచ్చు. ఎప్పుడూ లేనంతగా వికారం వచ్చి ఒళ్లంతా చెమట పడితే షుగరు చూసుకోండి. తక్కువగా ఉంటే దాన్ని సరిచేయండి. తక్కువగా లేకపోయినా, సరిచేశాక కూడా తగ్గకపోయినా, అంబులెన్సును పిలవండి. తినలేకపోతున్నానని ఇన్సులిన్ పూర్తిగా మానకండి, ఎంత తగ్గించాలో ఫోనులో అడగండి.

చివరగా మీకు చిన్న పని. ఒక నోటుపుస్తకంలో రోజుకు నాలుగుసార్లు వికారాన్ని సున్నా నుంచి పది దాకా అంకె వేసి రాయండి. పక్కన ఆ సమయం, తిన్నది, వేసుకున్న మందు, షుగరు రాయండి. మొదటి వారం నొక్కకుండా, రెండో వారం నొక్కుతూ. మందులు రెండు వారాలూ ఒకేలా ఉండాలి, డాక్టరు మారిస్తే తప్ప. రెండో వారం నొక్కే ముందు ఒక అంకె, పావుగంట తరువాత ఒక అంకె. రెండు మూడు పాయింట్లు పడితే కొనసాగించండి. ఏమీ మారకపోతే పట్టీని పెట్టెలో పెట్టేయండి, బాధపడవలసింది లేదు. ఆ పుస్తకం అప్పుడు కూడా పనికొస్తుంది, ఎందుకంటే ఏ వేళలో వికారం వస్తోందో మీ డాక్టరుగారు ఆ పేజీల్లోనే చూస్తారు. ఈసారి మీ అబ్బాయిని కూడా వెంట తీసుకెళ్లండి. పట్టీ ఏ చేతికి వేయాలో అతను డాక్టరుగారి నోట వినాలి.